చిగుళ్ళకు చెట్టు మందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా చిగుళ్ళ గురించే. ఒకే ఇబ్బంది మీద వచ్చినవాటిని కలిపి, ఊరి పేరుతో మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: నాకు 46 ఏళ్ళు. పళ్ళు తోముకుంటే రక్తం వచ్చేది. మా అత్తగారు చెప్పారని ఆరు నెలలుగా రోజూ పటిక నీళ్ళతో పుక్కిలిస్తున్నాను. రక్తం ఆగింది కానీ నోటి వాసన పోలేదు. కింది ముందు పళ్ళు రెండు కదులుతున్నట్టు అనిపిస్తోంది. తుమ్మ బెరడు కషాయం వాడితే గట్టిపడతాయా? (తెనాలి)

రక్తం ఆగింది కాబట్టి జబ్బు తగ్గిందనుకున్నారు. అక్కడే పొరపాటు జరిగిందమ్మా.

పటిక, తుమ్మ బెరడు, కరక్కాయ, మర్రి ఊడ, దానిమ్మ తొక్క అన్నీ వగరు సరుకులు. పచ్చి కరక్కాయ పెచ్చు నమిలితే నాలుక పిడచగట్టినట్టు అవుతుంది కదా, చిగురు మీదా అదే జరుగుతుంది. వగరు తగలగానే చిగురు పైపొర బిగుసుకుంటుంది, సన్నటి రక్తనాళాల మూతులు మూసుకుంటాయి, వాపు కొంత లాగుతుంది. రక్తం రావడానికి అసలు కారణం మాత్రం చిగురు అంచు కింద పంటికి అంటుకున్న గార. పళ్ళ మీద మెత్తగా పేరుకునే పాచిని ఏ రోజుకారోజు తీసేయకపోతే, లాలాజలంలోని కాల్షియం చేరి కొద్ది రోజుల్లోనే అది రాయిలా గట్టిపడుతుంది. అదే గార. ఏ ఆకు పసరూ, ఏ కషాయమూ దాన్ని కరిగించలేవు. కరిగించేంత పులుపు ఏదైనా ఉంటే అది ముందు పంటినే తినేస్తుంది.

కింది ముందు పళ్ళే ఎందుకు కదులుతున్నాయంటే, లాలాజల గ్రంథుల నాళాలు నాలుక కింద, ఆ పళ్ళ వెనకే తెరుచుకుంటాయి. నోట్లో గార ముందుగా, దట్టంగా పట్టే చోట్లలో అదొకటి. చిన్న అద్దం పెట్టి ఆ పళ్ళ లోపలి వైపు చూడండి. పసుపుగానో గోధుమరంగులోనో గట్టు కట్టి ఉంటుంది. గోరు పెట్టి గీరినా కదలదు. ఆ గట్టు కింద చిగురు పంటి నుంచి విడిపోయి సంచిలా తయారవుతుంది. అందులో సూక్ష్మజీవులు చేరి, పంటిని పట్టుకున్న ఎముకను మెల్లగా కరిగిస్తాయి. నోటి వాసన ఆ సంచుల్లోంచే. పటిక రక్తాన్ని ఆపేసి మీకు అందాల్సిన హెచ్చరికను ఆపింది. పైగా పటిక నీళ్ళకు ఆమ్లగుణం ఉంటుంది. నెలల తరబడి రోజూ పుక్కిలిస్తే పంటి పైపొరకు మంచిది కాదు.

కాబట్టి ముందు దంతవైద్యుల దగ్గర గార తీయించుకోండి. పళ్ళు కదులుతున్నాయంటున్నారు కనుక చిగురు సంచుల లోతు కొలిపించి, ఎక్స్‌రే కూడా తీయించండి. ఖర్చు గురించి వెనకాడుతుంటే విజయవాడలో, కడపలో, హైదరాబాద్‌లో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. గార తీయిస్తే పళ్ళు వదులవుతాయన్న భయం చాలామందికి ఉంది. పళ్ళ మధ్య సిమెంటులా పట్టిన గార పోయేసరికి సందులు కనబడతాయి, ఒకటి రెండు వారాలు చల్లటి నీళ్ళకు జివ్వుమంటుంది. వదులు చేసింది గారే, అది దాచిన ఖాళీ ఇప్పుడు బయటపడుతుంది, అంతే.

ఆ తర్వాత తుమ్మ కషాయం నిజంగా పనికొస్తుంది. గార పోయాక చిగురు తిరిగి పంటిని పట్టుకునే రోజుల్లో వగరు మేలు చేస్తుంది. నల్లతుమ్మ ముదురు బెరడు 20 గ్రాములు కచ్చాపచ్చాగా దంచి, రెండు గ్లాసుల (400 మి.లీ.) నీళ్ళలో రాత్రి నానబెట్టండి. పొద్దున సన్నటి సెగ మీద ఒక గ్లాసు మిగిలేదాకా మరిగించి, పల్చటి గుడ్డలో వడకట్టండి. దించాక రెండు చిటికెల సైంధవ లవణం వేయవచ్చు. గోరువెచ్చగా ఉన్నప్పుడు రెండు టేబుల్ స్పూన్లు నోట్లోకి తీసుకుని, ఒక నిమిషం అన్ని మూలలకూ తిప్పి ఉమ్మేయండి. రోజుకు మూడుసార్లు, భోజనం తర్వాత. మిగిలింది మర్నాటికి ఉంచకండి, పులుస్తుంది. రెండు మూడు వారాలు చాలు. అంతకు మించి రోజూ వాడితే పళ్ళకు గోధుమరంగు మరక పడుతుంది.

కాచేటప్పుడు ఇనుప గిన్నె వద్దు. స్టీలు గిన్నె కానీ మట్టి పాత్ర కానీ వాడండి. తుమ్మ, కరక్కాయల్లోని టానిన్లు ఇనుముతో కలిస్తే కషాయం సిరాలా నల్లబడిపోతుంది. కలంకారీలో నల్లరంగు పుట్టేది ఈ గుణం వల్లే. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద, బెల్లం నీళ్ళలో ఇనుము నానబెట్టిన ద్రవంతో గీత గీస్తే నల్లగా తేలుతుంది. గుడ్డకు అందమే కానీ, పళ్ళకు ఆ నలుపు అక్కర్లేదు.

ఇంకొక్క పరీక్ష: మూడు నెలల సగటు చక్కెర, అంటే హెచ్‌బిఎ1సి చేయించుకోండి. మీ వయసులో చిగుళ్ళు ఇంత త్వరగా వదులైతే మధుమేహం ఉందేమో చూడాలి. చక్కెర ఎక్కువగా ఉంటే చిగురు మానదు, చిగురు చెడితే చక్కెర అదుపులోకి రావడమూ కష్టమవుతుంది.

ప్రశ్న: బీపీ మాత్ర మొదలుపెట్టిన ఏడాదికి చిగుళ్ళు ఉబ్బి పళ్ళ మీదికి వచ్చాయి. నొప్పి లేదు. ఏ చూర్ణం రుద్దాలి? (సిద్దిపేట)

ఏ చూర్ణమూ వద్దు. ముందు మాత్ర పేరు చూడండి. అమ్లోడిపిన్, నిఫెడిపిన్ రకం మందులు కొందరికి చిగుళ్ళు పెంచుతాయి. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, అవయవ మార్పిడి తర్వాత ఇచ్చే సైక్లోస్పోరిన్ కూడా అంతే. మాత్ర మీరే మానేయకండి, రాసిన డాక్టరుకు చిగుళ్ళు చూపించి వేరే మందు అడగండి. గార తీయించుకుని పాచి చేరకుండా చూసుకుంటే ఉబ్బు చాలావరకు తగ్గుతుంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తం పల్చబడే మాత్రలు వాడేవారికి చిగుళ్ళ రక్తం త్వరగా ఆగదు. దంతవైద్యుల దగ్గర కూర్చోగానే ఆ సంగతి చెప్పాలి.

ప్రశ్న: నలభై ఏళ్ళుగా వేపపుల్లే. పళ్ళు గట్టిగానే ఉన్నాయి. కానీ చిగుళ్ళు కిందికి జారి పళ్ళు పొడుగ్గా కనబడుతున్నాయి, పంటి మొదలు దగ్గర గాడి పడింది. వేప మంచిది కాదా? (నంద్యాల)

వేపలో తప్పు లేదండీ, తోమే తీరులో ఉంది. గాడి పడిందంటే పుల్లను రంపం కోసినట్టు అడ్డంగా లాగుతున్నారని అర్థం. చిగురు జారితే బయటపడే వేరు భాగం పంటి పైభాగమంత గట్టిది కాదు, త్వరగా అరుగుతుంది.

పుల్ల ఎలా ఉండాలో అష్టాంగహృదయం అనే ఆయుర్వేద గ్రంథంలో వాగ్భటుడు కొలతతో చెప్పాడు: చిటికెన వేలి కొన అంత లావు, పన్నెండు అంగుళాల పొడవు, వంకర లేనిది. ఆ అంగుళం వేలి వెడల్పు కొలత, స్కేలు మీది అంగుళం కాదు. చిగుళ్ళకు గాయం కాకుండా తోమాలని కూడా ఆ శ్లోకంలోనే ఉంది. చాలామంది వదిలేసేది ఆ మాటే.

లేత కొమ్మ నుంచి అప్పుడే విరిచిన పుల్ల తీసుకోండి. ఎండింది వద్దు, ఈనెలు బిరుసెక్కి చిగుట్లో గుచ్చుకుంటాయి. రోడ్డు పక్క దుమ్ము పట్టిన చెట్టుదైతే కడగండి. కొనను వెనక దంతాల మధ్య పెట్టి రెండు మూడు నిమిషాలు నమలండి. తొక్క ఊడి, ఈనెలు విడిపోయి మెత్తటి కుంచె అవ్వాలి. చేదు రసం ఊరేది కూడా అప్పుడే. పై పళ్ళకు చిగురు నుంచి కిందికి, కింది పళ్ళకు చిగురు నుంచి పైకి, ఒక్కో పంటి మీద విడివిడిగా దువ్వినట్టు తోమండి. పని అయ్యాక పుల్లను నిలువునా చీల్చి, ఆ బద్దను విల్లులా వంచి నాలుక గీసుకోండి. అదే పుల్ల మర్నాడు వద్దు.

పుల్లతో ఎంత బాగా తోమినా అందని చోట్లు రెండు: కింది ముందు పళ్ళ లోపలి వైపు, చివరి దంతాల వెనక. రాత్రి పడుకునే ముందు మెత్తటి కుచ్చు బ్రష్షుతో, ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో అక్కడ తోముకోండి. ఇప్పటికే పడ్డ గాడిని మూలికలు పూడ్చలేవు. దంతవైద్యులు పంటి రంగు సిమెంటుతో నింపుతారు. వేప దొరకని చోట కానుగ పుల్లో, నల్లతుమ్మ పుల్లో వాడుకోవచ్చు. జిల్లేడు పుల్ల పాత జాబితాల్లో ఉన్నా మేము వద్దంటాం. దాని పాలు నోట్లో పొక్కిస్తాయి, ఆ చేత్తో కన్ను నలుపుకుంటే కంటికే ముప్పు.

ప్రశ్న: కువైట్‌లో పనిచేస్తున్నాను. ఇక్కడ అందరూ మిస్వాక్ వాడతారు. వేపపుల్ల బదులు వాడవచ్చా? (రాయచోటి నుంచి వెళ్ళిన పాఠకుడు)

నిక్షేపంగా వాడండి. చివర ఒక సెంటీమీటరు మేర తొక్క తీసి, నీళ్ళలో కాసేపు నానబెట్టి నమలండి. ఈనెల రుచీ ఘాటూ పోయాక ఆ ముక్క కోసేసి కొత్తగా తొక్క తీయాలి. తడిగా సంచిలో మూసిపెడితే బూజు పడుతుంది, గాలి తగిలే చోట ఉంచండి. ఖర్జూరం, తీపి చాయ్ ఎక్కువైతే రాత్రిపూట ఫ్లోరైడ్ పేస్టు తప్పనిసరి.

ప్రశ్న: పిప్పి పన్నుకు వాకుడు గింజల పొగ పట్టిస్తే పురుగులు రాలతాయంటారు. మా వీధికి వచ్చినాయన పళ్ళెంలో చూపించాడు కూడా. లవంగ నూనె కంటే ఇదే మంచిదా? (పార్వతీపురం)

పళ్ళెంలో మీరు చూసింది నిజమే, అవి పురుగులు మాత్రం కావు. నేలవాకుడు గింజ చాలా చిన్నది. దాని లోపల మొలక చుట్ట చుట్టుకుని ఉంటుంది. నిప్పుల మీద గింజ చిట్లినప్పుడు ఆ తెల్లటి మొలక బయటికి వచ్చి, ఒక కొన వంకర తిరిగి, అచ్చం పురుగులా కనబడుతుంది. కావాలంటే మీ ఇంట్లోనే పళ్ళెంలో నిప్పులు పెట్టి, ఎవరి నోరూ దగ్గర పెట్టకుండా గింజలు చల్లి చూడండి. ‘పురుగులు’ అప్పుడూ వస్తాయి. పంటిని తొలిచేది తీపిని పులియబెట్టే సూక్ష్మజీవుల ఆమ్లం. అది కంటికి కనబడేది కాదు.

లవంగ నూనె నొప్పిని మొద్దుబారుస్తుంది. అందులోని యూజినాల్‌ను దంతవైద్యులు కూడా జింక్ ఆక్సైడ్‌తో కలిపి తాత్కాలికంగా పన్ను నింపడానికి వాడతారు. అయితే ఇంట్లో వాడే పద్ధతి తెలియక చాలామంది నోరు కాల్చుకుంటారు. పెసరగింజంత దూది ఉండ మీద ఒక్క చుక్క వేసి, గట్టిగా పిండి, పంటి గుంటలో మాత్రమే పెట్టండి. చిగురుకు, బుగ్గకు తగిలితే తెల్లగా పొక్కి పుండవుతుంది. పది నిమిషాల్లో తీసేయండి. చిన్నపిల్లలకు వద్దు, వాళ్ళకు అందే చోట సీసా ఉంచనూ వద్దు. కొద్దిగా మింగినా ప్రమాదమే. నూనె లేకపోతే ఒక లవంగం ఆ పంటి కింద మెల్లగా కొరికి ఉంచుకోవచ్చు.

పిప్పి పన్ను నొప్పి నాలుగు రోజులు సలిపి, ఒక రాత్రి దానంతటదే ఆగిపోతే మందు పనిచేసిందని సంతోషించకండి. లోపలి నరం చచ్చిపోయినప్పుడు నొప్పి అలాగే ఆగుతుంది. ఆ తర్వాత చీము వేరు కొసకు దిగుతుంది. దవడ వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవడమో మింగడమో కష్టమైనా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

ప్రశ్న: మూడు నెలల మనవరాలికి నోట్లో తెల్లటి పూత. వెలిగారం పొంగించి తేనెలో కలిపి రాయమని పెద్దలంటున్నారు. (జగిత్యాల)

రాయకండమ్మా. రెండూ ప్రమాదమే. వెలిగారం అంటే బోరాక్స్. పసిపిల్లల ఒంట్లో చేరితే వాంతులు, ఫిట్స్ దాకా తీసుకుపోగలదు. ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్క కూడా నాకించకూడదు. అందులో ఉండగల బాట్యులిజం బీజాలు పసి పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి.

శుభ్రమైన తడిగుడ్డ వేలికి చుట్టి మెల్లగా తుడవండి. పోతే అది పాల మీగడ. పోకుండా, కింద ఎర్రగా కనబడితే ఫంగస్ పూత. దానికి పిల్లల డాక్టరు చుక్కలు రాస్తారు. తల్లి చనుమొనలకూ మందు రాయాల్సి రావచ్చు, లేకపోతే బిడ్డకు తగ్గినా మళ్ళీ అంటుకుంటుంది. పాలపీక వాడుతుంటే రోజూ మరిగించాలి.

పెద్దవాళ్ళ నోటిపూతకు మాత్రం మంచి ఆకులున్నాయి. జాజి ఆకులు నాలుగైదు కడిగి నమిలి, రసం రెండు నిమిషాలు నోట్లో తిప్పి ఉమ్మేయాలి. జామ చిగుళ్ళు కూడా అలాగే. మాటిమాటికీ పూత వస్తుంటే ఐరన్, బి12 తక్కువేమో చూపించుకోండి. ఒకే చోట పుండు రెండు వారాలు దాటినా మానకపోతే ఆకులు పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ప్రశ్న: నువ్వుల నూనె పుక్కిలింత ఎంతసేపు? సింకు మూసుకుపోయింది. (కూకట్‌పల్లి)

పరగడుపున ఒకటిన్నర టీ స్పూన్ల నూనెతో మొదలుపెట్టి, అలవాటయ్యాక రెండు దాకా. నూనె పల్చబడి తెల్లగా అయ్యేదాకా, అంటే అయిదు నుంచి పది నిమిషాలు తిప్పండి. మింగొద్దు. పాత కాగితంలో ఉమ్మి చెత్తబుట్టలో వేయండి. చల్లబడ్డ నూనె సింకు గొట్టంలో సబ్బుతో కలిసి గడ్డకడుతుంది. నూనె పాచిని కొంత తగ్గిస్తుంది, ఎండిన నోటికి హాయినిస్తుంది. తోముకోవడానికి బదులు కాదు. చిన్నపిల్లలకు, మింగడం కష్టంగా ఉన్న వృద్ధులకు వద్దు, ఊపిరితిత్తుల్లోకి జారితే నూనె నిమోనియా వస్తుంది.

ప్రశ్న: ఇంట్లో పళ్ళపొడి చేసుకోవాలని ఉంది. మా తాతలు బొగ్గు, ఇటుక పొడి, ఉప్పు వాడేవారు. కొలతలు చెప్పండి. ఇంకొకటి, మా పిల్లలకు పళ్ళ మీద గోధుమ మచ్చలున్నాయి, నిమ్మరసం, వంటసోడా రుద్దితే పోతాయా? (కనిగిరి)

పొడి చెబుతాం, ఇటుక వద్దు. వేళ్ళ మధ్య నలిపితే గరగరలాడేది ఏదైనా పంటిని గీకుతుంది. నల్లతుమ్మ బెరడు 50 గ్రాములు, గింజ తీసిన కరక్కాయ పెచ్చులు 25, నీడలో ఎండిన వేపాకు 10, దాల్చిన చెక్క 5, లవంగాలు 5, సైంధవ లవణం 5. ఉప్పు తప్ప మిగతావన్నీ విడివిడిగా దంచి, మల్లుగుడ్డలో రెండుసార్లు జల్లించండి. వేలికి పౌడరులా తగలాలి. ఉప్పును వేడి మూకుడులో తడి పోయేదాకా వేపి, చల్లారాక మెత్తగా నూరి చివర కలపండి. పచ్చి ఉప్పు కలిపితే వానాకాలంలో పొడి ముద్దకడుతుంది. చిటికెడు పొడి తీసుకుని వేలితో చిగుళ్ళ మీద గుండ్రంగా రెండు నిమిషాలు రాసి, పుక్కిలించండి. ఇది చిగుళ్ళకు. పళ్ళు పుచ్చకుండా ఆపే ఫ్లోరైడ్ ఇందులో లేదు.

బజారులో కొనే ఎర్ర పొడుల్లో కావిరాయి ఉంటుంది, నలిపి చూసి కొనండి. పొగాకు కలిపిన పళ్ళపొడిని, పేస్టును మన దేశంలో 1992లోనే నిషేధించారు. తోముకున్నాక కాస్త మత్తుగా, హాయిగా అనిపిస్తే ఆ డబ్బాను అనుమానించండి.

పిల్లల మచ్చల విషయం. మీ ప్రాంతం నీళ్ళ కథ పాతదే. మన దేశంలో ఫ్లోరోసిస్ (తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళకు, ఎముకలకు వచ్చే జబ్బు) గురించి తొలి నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది, కనిగిరి, పొదిలి అప్పుడు ఆ జిల్లాలోవే. ఆ మచ్చ పంటి మీద అంటింది కాదు, చిగురు కింద పన్ను తయారవుతున్న రోజుల్లోనే లోపల పడింది. నిమ్మరసం, సోడా ఎంత రుద్దినా పోదు. పైపొర కరిగి పులుపుకీ చల్లదనానికీ జివ్వుమనడం మొదలవుతుంది. పెద్దయ్యాక దంతవైద్యులు పైపొర పల్చగా తీసో, పూత వేసో సరిచేస్తారు.

ఎనిమిదేళ్ళలోపు తమ్ముడో చెల్లో ఉంటే జాగ్రత్త వాళ్ళ విషయంలో పడాలి. తాగే నీళ్ళు పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగడానికీ వంటకూ వద్దు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ నీళ్ళు మేలు. చిన్నవాళ్ళకు పేస్టు బియ్యపు గింజంతే వేసి, మింగకుండా దగ్గరుండి ఉమ్మించండి.

ప్రశ్న: మా అమ్మకు 61 ఏళ్ళు. చిన్నప్పటి నుంచి అడ్డపొగ అలవాటు. అంగిలి తెల్లగా మందమై, ఎర్ర చుక్కలు కనబడుతున్నాయి. నొప్పి లేదంటుంది. కరక్కాయ, తేనె రాస్తే తగ్గుతుందా? (శ్రీకాకుళం జిల్లా, తీర గ్రామం)

మీరు రాసినందుకు సంతోషం. ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నింటిలో ఆలస్యం చేయకూడనిది ఇదే.

అడ్డపొగలో, అంటే చుట్ట నిప్పు కొన నోట్లో పెట్టుకుని కాల్చినప్పుడు, వేడీ, పొగాకు తారూ రెండూ నేరుగా అంగిలికి తగులుతాయి. మిగతా చోట్ల చాలా అరుదైన అంగిలి క్యాన్సర్ మీ తీరంలో, అందులోనూ ఆడవాళ్ళలో, ఎక్కువగా రావడానికి కారణం ఇదేనని 1960ల నాటికే వైద్యులు గుర్తించారు. తెల్లటి మందం, మధ్యలో ఎర్ర చుక్కలు వేడికి దెబ్బతిన్న గ్రంథుల మూతులు కావచ్చు. అలవాటు మానేస్తే అవి చాలావరకు తగ్గుతాయి. కానీ తెలుపు పక్కనే ఎర్రటి నునుపు మచ్చ, గరుకు తేలిన భాగం, మానని పుండు ఏదైనా ఉంటే చిన్న ముక్క తీసి పరీక్ష చేయాలి. కంటితో చూసి తేల్చగలిగేది కాదు. నొప్పి లేదన్నది భరోసా కాదు, మొదట్లో నొప్పి ఉండదు.

కరక్కాయ రాస్తే పైపొర బిగిసి మచ్చ రంగు మారుతుంది, వైద్యులకు అసలు రూపం కనబడదు. అందుకని ఏదీ రాయకుండా తీసుకెళ్ళండి. విశాఖపట్నంలో కేజీహెచ్‌ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో చూపించవచ్చు. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. వెళ్ళే ముందు పగటి వెలుగులో అమ్మను తల వెనక్కి వాల్చి నోరు తెరవమని, ఫోనుతో అంగిలి ఫోటో తీసి తేదీ రాసిపెట్టుకోండి. కట్టుడు పళ్ళుంటే తీసి చూడండి, వాటి కింద కూడా. బీపీ, షుగర్ మాత్రల చీటీలు వెంట ఉంచుకోండి. అడ్డపొగ ఒక్కసారిగా మానలేనంటే, పొగ ఎప్పుడెప్పుడు తాగుతారో రాసుకుని అక్కడి డాక్టరుకు చెప్పండి. నికోటిన్ గమ్ లాంటివి ఆమె అంగిలి చూశాక వాళ్ళే నిర్ణయిస్తారు.